పాఠానికి నిలబడే మనిషి

పదహారు గడపల ముందు నిలబడి పిలిస్తే గానీ పిల్లమ్మకు పొద్దు మొదలైనట్టు ఉండదు. కబ్బన్‌పేట సందుల్లో మగ్గాల చప్పుడు లేవకముందే ఆమె మొదటి గడప దగ్గర ఉంటుంది. గట్టిగా అరవదు. "శాంతా, రామ్మా" అంటుంది, అంతే. ఆ ఒక్క పిలుపుకే లోపలెక్కడో చెంబు దొర్లుతుంది, తల్లి ఎవరో విసుక్కుంటుంది, సగం జడతో ఒక పిల్ల బయటికొస్తుంది. మిగిలిన సగం పిల్లమ్మ నడుస్తూనే అల్లేస్తుంది.

ఆ సోమవారం కూడా అట్లాగే పదహారుమందినీ పోగుచేసుకుని బడికి బయలుదేరింది. అందరికంటే చిన్నవాళ్లిద్దరు ఆమె చిటికెన వేళ్లు చెరొకటి పట్టుకున్నారు. పెద్దవీధి దాటేచోట దండు వైపు పోయే మిలిటరీ లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. యుద్ధం మొదలైనప్పటి నుంచి వాటికి వేళాపాళా లేదు. అవన్నీ పోయేదాకా రెండు చేతులూ చాపి పిల్లల్ని గోడకు ఆనించి నిలబెట్టింది. నిలబడినంతసేపూ కుడి మోకాలు సలిపింది. ఆముదం రాసి గుడ్డ చుట్టుకుంది గానీ, గుడ్డ కింద వాపు వేడిగా తెలుస్తూనే ఉంది.

"పిల్లమ్మవ్వా, నీ కాలు మా చిన్నప్ప తాత కాలు మాదిరి అయిపోతాండాది" అంది శాంత. బట్టల అంగడి పాపయ్య కూతురు, పదకొండేళ్లది. మనసులో ఏదీ దాచుకోవడం తెలియదు.

"మీ తాతకు ఊతకర్ర ఉండాది. నాకు మీరుండారు. నడువు" అంది పిల్లమ్మ.

బడి వాకిట్లో కొత్త బండి నిలబడి ఉంది. ఆకుపచ్చ రంగు, రేకు కప్పు, కిటికీలకు గుడ్డ తెరలు. ఎద్దుల్ని ఇంకా కట్టలేదు. పిల్లలు వరస వదిలేసి దాని చుట్టూ మూగారు. మెట్ల మీద నుంచి హెడ్‌మిస్ట్రెస్ పార్వతమ్మ దిగి వచ్చింది.

"కమిటీవాళ్లు కొన్నారు పిల్లమ్మా. ఒకటో తేదీ నుంచి పిల్లలు బండిలోనే వస్తారు, బండిలోనే పోతారు. నీకూ ఈ నడక తప్పుతుంది."

"అయితే నేను బండి ముందర కూర్చోని పిలిచేదా అమ్మా?"

"బండివాడు గంట కొడతాడు. పిల్లలే బయటికి వస్తారు."

"మరి నేను?"

పార్వతమ్మ చక్రం మీద ఆరీ ఆరని రంగును గోటితో గీకింది. "పిలిచే మనిషి పని ఆ రోజుతో సరి అని రాశారు. నేను అడిగాను పిల్లమ్మా. ఊడ్చడానికీ నీళ్లకూ చౌడమ్మ ఉంది కదా, ఇద్దరెందుకు అన్నారు."

పిల్లమ్మ బండి దగ్గరికి పోయింది. బండెక్కి తెర లాగుతున్న ఒక పిల్లను చంకలో చెయ్యి వేసి కిందికి దించింది. ఒకటో తేదీకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

ఇంగ్లీషు గంట కొట్టగానే చీపురు మూలన పెట్టి, చేతులు కడుక్కొని, మిడిల్ మొదటి తరగతి గదిలోకి పోయి నల్లబల్ల పక్కన నిలబడింది. ఇది ఆమె పని కాదు. ఎవరూ ఈ పని ఆమెకు అప్పజెప్పనూ లేదు. భాగీరథమ్మ టీచరు మైసూరులో ట్రైనింగ్ ముగించి ఈ బడికి వచ్చినప్పుడు కొత్తరకం పాఠం తెచ్చింది. పుస్తకం మూసి, ఒక పని చేస్తూ, చేస్తున్న పనినే నోటితో చెప్పాలి. చేయి పట్టుకుని లాగుతుంటే లాగుతున్నానని, ఇస్తుంటే ఇస్తున్నానని. మొదట్లో పిల్లలు ఒకరినొకరు లాగారు. నాలుగో రోజుకే పాపయ్య పెళ్లాం బడికి వచ్చి, గానుగవాళ్ల పిల్ల మా బిడ్డ జడ పట్టుకునిందంట, ఇదేమి చదువు అని నిలదీసింది. మరుసటి రోజు ఇంకో తల్లి వచ్చింది. ఎవరి పిల్ల ఎవరిని ముట్టుకోవాలన్నదే తేలలేదు. ఆ రోజు గుమ్మంలో నీళ్లకుండ దించుతున్న పిల్లమ్మ భాగీరథమ్మ కంట్లో పడింది. ఆమెను ఎవరు లాగినా అడిగేవాళ్లు లేరు. ఏడాదిగా లాగించుకునేది, తోయించుకునేది, ఇచ్చింది పుచ్చుకునేది పిల్లమ్మే.

"పని జరుగుతూ ఉండగానే మాట రావాలి. అయిపోయాక అంటే తప్పు" అంది భాగీరథమ్మ, సన్నటి బెత్తంతో బల్ల మీద తడుతూ. "శాంతా, నువ్వు రా."

శాంత వచ్చి పిల్లమ్మ మణికట్టు పట్టుకుంది. "ఐ యామ్ పుల్లింగ్ హర్ టు ది డోర్" అంటూ ఆమెను తలుపు వైపు లాగింది. నల్లబల్ల నుంచి తలుపుకు ఎనిమిది అడుగులు. పిల్లలు ఒక్కో మాట వెతుక్కుంటూ అంటారు కాబట్టి, పిల్లమ్మ మాట పొడుగును బట్టి అడుగులు వేయడం నేర్చుకుంది. వాళ్ల నోట 'డోర్' అన్న మాట వచ్చేసరికి ఆమె కాలు గడపకు తగలాలి. మాట మధ్యలో ఆగిపోతే ఆమె కూడా ఒక కాలు ఎత్తి ఆగేది. మోకాలు వాచినప్పటి నుంచి అట్లా ఆగడం కష్టంగా ఉంది.

వాక్యాల్లోని 'హర్' పట్టుకుని పిల్లలు ఆమెకు హర్రవ్వ అని పేరు పెట్టారు. చిన్నతరగతి వాళ్లయితే అదే ఆమె అసలు పేరు అనుకుంటారు.

తరువాతి పాఠంలో ఒక అమ్మాయి ఇంకో అమ్మాయి జడలో పువ్వు పెడుతున్న బొమ్మ ఉంది. పువ్వు తీసుకుని వచ్చిన పిల్ల పిల్లమ్మ ముందు నిలబడి టీచరు వైపు చూసింది. పిల్లమ్మ మొగుడు పోయిన మనిషి. భాగీరథమ్మ ముఖం కొంచెం ఎర్రబడింది. పువ్వు తీసేసుకుని పిల్ల చేతిలో సుద్దముక్క పెట్టింది. పిల్ల సుద్దముక్కను పిల్లమ్మ చెవి వెనక జుట్టులో దోపి, పెడుతున్నానని ఇంగ్లీషులో చెప్పింది. క్లాసు మొత్తం ఆ మాట తిరిగి అంది. పిల్లమ్మ సుద్దముక్క జారిపోకుండా తల కొంచెం వంచి పట్టింది.

గంట కొట్టాక పిల్లలు బయటికి పరుగెత్తారు. భాగీరథమ్మ బల్ల సర్దుతూ, "బండి సంగతి విన్నాను పిల్లమ్మా" అంది.

"విని ఏం చేస్తారు టీచరమ్మా. బండికి మోకాళ్లు లేవు."

భాగీరథమ్మ నవ్వలేదు. తలుపు దాకా పోయి బయట ఎవరూ లేరని చూసి వెనక్కి వచ్చింది. "చిన్నతరగతిలో అక్షరాలు దిద్దించే అమ్మాయి మానేసింది కదా. ఆ చోటు ఖాళీగా ఉంది. పరీక్ష ప్యాసైన మనిషి కావాలని రూలు. అయితే ఇన్‌స్పెక్ట్రెస్ ఊ అంటే రూలు పక్కన పెడతారంట, పార్వతమ్మగారు చెప్పారు. శుక్రవారం ఇన్‌స్పెక్షన్. నీకు అక్షరాలు వచ్చు."

"నావి ఏం అక్షరాలు టీచరమ్మా. పలక మీద పిల్లలు చెరిపేసి పోయినవి దిద్దుకున్నాను."

"ఇంగ్లీషు మాటలు కూడా వచ్చు నీకు. పిల్లలకంటే ముందు నీ పెదాలు కదులుతాయి, నేను చూడలేదనుకుంటున్నావా?"

పిల్లమ్మ తలవంచుకుంది. దొంగతనం బయటపడినట్టు అనిపించింది.

"శుక్రవారం ఆమె ముందు నేను నిన్ను మాట్లాడిస్తాను. ఐదు వాక్యాలు చెప్పు, చాలు. నువ్వేమిటో ఆమె కళ్లారా చూస్తే నేను అడగడం తేలిక."

ఆ సాయంత్రం పదహారుమందినీ వాళ్ల వాళ్ల గడపల్లో వదిలి ఇంటికి వచ్చేసరికి తమ్ముడు తిమ్మరాయప్ప మగ్గం గుంతలో కాళ్లు వేలాడేసి కూర్చుని ఉన్నాడు. మగ్గం మీద పోగు లేదు. నూలు కార్డుకు ఈ నెల రావలసిన నూలు ఇంకా రాలేదు. అయినా పొద్దున్నే లేచి ఆ గుంతలోనే కూర్చుంటాడు, సాయంత్రం లేస్తాడు.

"ఏమక్కా, బండి వచ్చినాదంట?"

"అప్పుడే ఎవరు చెప్పినారు నీకు?"

"పేటంతా తెలుసు. రంగు బాగుందంట." ఖాళీ మగ్గం మీద చెయ్యి వేసి అన్నాడు. "నూలుంటే కండెలు చుట్టుకుంటా ఇంట్లోనే ఉండొచ్చు నువ్వు. ఇప్పుడు నేనే పని లేక సుమ్నే కూర్చోనుండాను. ఇద్దరం కూర్చునేదానికి గుంత చాలదు."

మాటలో కోపం లేదు. కోపం ఉంటే పిల్లమ్మకు జవాబు చెప్పడానికి వీలయ్యేది. లోపలి నుంచి మరదలు సోలతో సంకటికి పిండి కొలుస్తున్న చప్పుడు వినిపించింది. ఒకసారి పోసి, కొంచెం వెనక్కి తీసింది.

"చిన్నతరగతిలో టీచరు పని అడగతారంట నాకు" అంది పిల్లమ్మ.

తిమ్మరాయప్ప తల ఎత్తాడు. "నీకా?"

"ఏం, నాకు రాదా? ఇంగ్లీషు కూడా వస్తాది."

"ఏదీ, ఒక మాట అను."

పిల్లమ్మ అతనికి ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, "ఐ యామ్ లుకింగ్ ఎట్ హిమ్" అంది.

"ఏమన్నావు?"

"నిన్ను చూస్తాండాను అన్నాను."

"నన్ను చూస్తే ఏమొస్తాదక్కా, నూలొస్తాదా?" అన్నాడు అతను. ఆ రోజు మొదటిసారి నవ్వాడు. తరువాత చాలాసేపటికి, అన్నం ముందు కూర్చున్నాక, "టీచరు పని అయితే మంచిదే" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

మంగళ, బుధ, గురువారాలు పిల్లమ్మ ఐదు వాక్యాలు ఏరుకుంది. గడప గడపకూ నడుస్తూ మనసులో అనుకుంది. గొడుగు తెరిచేటప్పుడు నేను దీన్ని తెరుస్తున్నానని, నీళ్లు తోడేటప్పుడు దీన్ని బావిలో నుంచి లాగుతున్నానని, పిల్ల చెయ్యి పట్టుకున్నప్పుడు ఆమెను వీధి దాటిస్తున్నానని. కష్టమల్లా ఒక్కటే. ఏడాది పాటు ఆ వాక్యాల్లో ఆమె లాగబడే మనిషి. ఇప్పుడు తానే లాగే మనిషిగా చెప్పాలంటే నాలుక తడబడేది. బావి దగ్గర చేద పైకి వస్తుంటే 'నేను' అనబోయి 'ఆమె' అనేసేది. తనలో తానే నవ్వుకుని మళ్లీ మొదలుపెట్టేది. చౌడమ్మ చూసి, "ఎవరితో మాట్లాడతాండావు, బావితోనా?" అంది. "బావే నయం, తప్పు పట్టదు" అంది పిల్లమ్మ.

గురువారం భాగీరథమ్మ ఆమెను క్లాసులో ఒకసారి పలికించింది. ఐదింట్లో ఒక్కటి తప్పింది. "రేపు తప్పదు" అంది భాగీరథమ్మ. ఆమె గొంతులో ఉన్న భయం పిల్లమ్మ కోసమేనా అన్నది పిల్లమ్మకు తెలియలేదు. భాగీరథమ్మ ఉద్యోగం కూడా ఇంకా ఖాయం కాలేదు. శుక్రవారం అందరికీ ఒకటే శుక్రవారం.

ఇన్‌స్పెక్ట్రెస్ పది గంటలకు వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి, ఆర్గండి చీర, సన్నటి కళ్లజోడు, మద్రాసు వైపు మనిషి. నల్లబల్లకు ఎదురుగా కుర్చీ వేశారు. నలభైమంది పిల్లలు తలకు నూనె రాసుకుని, మెడలు తిప్పకుండా కూర్చున్నారు. పిల్లమ్మ తెల్లగా ఉతికిన చీర కట్టుకుని తన చోట తాను నిలబడింది.

పాఠం నూనె రాసిన ఇరుసు మాదిరి సాగింది. ఒక పిల్ల పిల్లమ్మకు గొడుగు ఇచ్చింది, ఇస్తున్నానని అంది. ఇంకో పిల్ల ఆమె చేతిలో నుంచి తీసుకుంది, తీసుకుంటున్నానని అంది. శాంత ఆమెను తలుపు దాకా లాగింది. వాపు కాలు ఆ రోజు ఎక్కడా ఆగలేదు, 'డోర్' అన్న మాటకు సరిగ్గా గడప తగిలింది. ఇన్‌స్పెక్ట్రెస్ తల ఊపుతూ కాగితం మీద ఏదో రాసుకుంది.

అప్పుడామె తానే లేచి, బల్ల మీది ఇత్తడి గ్లాసు పిల్లమ్మ చేతిలో పెట్టి, ముందు వరసలో ఒక చిన్న పిల్లను అడిగింది, ఈమె ఏం చేస్తోంది అని, ఇంగ్లీషులో. అది పాఠంలో లేని ప్రశ్న. పిల్ల లేచి నిలబడి నోరు తెరిచింది. మాట రాలేదు. భాగీరథమ్మ బెత్తం మీద వేళ్లు బిగిశాయి.

పిల్లమ్మకు ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరగడం కనిపించింది. ఇదే తనకు ఇచ్చిన వేళ అని కూడా అనిపించింది. రెండింటిలో ఏది ముందు అనిపించిందో ఆమె తరువాత ఎంత ఆలోచించినా చెప్పలేకపోయింది.

"ఐ యామ్ హోల్డింగ్ ఇట్ ఇన్ మై హ్యాండ్" అంది. నేను దీన్ని నా చేతిలో పట్టుకుని ఉన్నాను.

ఇన్‌స్పెక్ట్రెస్ కళ్లజోడు పైకి తోసుకుని ఆమె వైపు చూసింది. వచ్చినప్పటి నుంచి ఆమె ముఖంలోకి చూడడం అదే మొదలు. గ్లాసు బల్ల మీద పెట్టమని చెప్పింది. పిల్లమ్మ పెడుతూ, పెడుతున్నానని అంది. మళ్లీ తీసుకోమంది. పిల్లకు ఇవ్వమంది. ఐదు కాదు, ఎనిమిది వాక్యాలు అయ్యాయి. ఒక్కటీ తప్పలేదు. ఆఖరున ఇన్‌స్పెక్ట్రెస్ రెండు అరచేతులూ చిన్నగా తట్టి, భాగీరథమ్మ వైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. పిల్లమ్మకు అందులో అన్నీ తెలియలేదు. నిలబడుతున్నది, చూస్తున్నది, వింటున్నది అన్న మాటలు తెలిశాయి. అవన్నీ తన గురించే. మాట్లాడుతున్నంతసేపూ ఆమె తన వైపు మాత్రం చూడలేదు. భాగీరథమ్మ ముఖం వెలిగింది. రెండు మూడుసార్లు థ్యాంక్యూ అంది.

సాయంత్రం పిల్లల్ని తీసుకుపోతుంటే పిల్లమ్మ మోకాలి సంగతి మరిచిపోయింది. దారిలో చిన్న పిల్ల, ప్రశ్నకు నోరు పెగలనిది, ఆమె కొంగు పట్టుకుని, "అవ్వా, నేను చెప్పేలోపల నువ్వు చెప్పేస్తివి" అంది.

"ఈసారి నువ్వే చెబుదువులే" అంది పిల్లమ్మ.

"నాకు వస్తాండె."

"తెలుసమ్మా" అంది. ఆ మాట ఇంటికి పోయేదాకా ఆమెతోనే వచ్చింది.

రిపోర్టు బుధవారం వచ్చింది. పార్వతమ్మ ఇద్దరినీ తన గదిలోకి పిలిచింది. భాగీరథమ్మ కుర్చీలో కూర్చుంది, పిల్లమ్మ తలుపు దగ్గర నిలబడింది. పార్వతమ్మ ఇంగ్లీషు చదువుతూ కన్నడంలో చెప్పింది. మిడిల్ మొదటి తరగతి ఇంగ్లీషు బోధన మెచ్చుకోదగినది. టీచరును ఖాయం చేయవచ్చు. పాఠం ఎంత బలమైనదంటే, చదువులేని పనిమనిషి సైతం కేవలం గదిలో నిలబడి ఉండడం వల్ల వాక్యాలు పట్టుకోగలిగింది. ఇది పూర్తిగా పద్ధతి గొప్పతనం, టీచరు గొప్పతనం.

"నాకు చదువు ఉండాది కదమ్మా" అంది పిల్లమ్మ మెల్లగా. 

"ఆమెకు తెలియదు కదా" అంది పార్వతమ్మ. 

భాగీరథమ్మ తన ఒడిలోని చేతులు చూసుకుంది. "నేను అడిగాను పిల్లమ్మా. వెళ్లేటప్పుడు కారు దగ్గర అడిగాను. చిన్నతరగతికి పరీక్ష ప్యాసైనవాళ్లే ఉండాలి, యుద్ధం రోజులైనా ఆ విషయంలో సడలింపు లేదు అన్నారు."

"ఎన్నిసార్లు అడిగినారు టీచరమ్మా?"

భాగీరథమ్మ గాజులు వెనక్కి తోసుకుంది. 

"ఉండు, ఇంకా ఉంది" అంది పార్వతమ్మ పేజీ తిప్పుతూ. ఆమె గొంతులో ఒక మంచి మాట చెప్పబోయే తొందర ఉంది. "నీ పని పోలేదు పిల్లమ్మా. ఇన్‌స్పెక్ట్రెస్ రాసింది కాబట్టి కమిటీ కాదనలేదు. ఇంగ్లీషు పాఠానికి కావలసినవి ఈ బడిలో తప్పకుండా ఉంచవలెను అని వరసగా రాసింది. రంగు పటాలు పన్నెండు. అట్ట గడియారం ఒకటి. మట్టి పండ్లు ఒక జత. ఇత్తడి గ్లాసు, గొడుగు. పాఠానికి నిలబడే ఆడమనిషి ఒకరు." తల ఎత్తి చూసింది. "నువ్వే."

పిల్లమ్మ దగ్గరికి పోయి, "ఒకసారి చూస్తానమ్మా" అంది. పార్వతమ్మ కాగితం ఆమె వైపు తిప్పింది. టైపు అక్షరాలు, పలకల మీద చూసి దిద్దుకున్న ఇంగ్లీషువే. పిల్లమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కిందికి దిగింది. గొడుగు అన్న మాట పొడుగు, అది చిక్కింది. దాని కింద చిన్న మాట, ఐదక్షరాలు. వుమన్. దాని పక్కన ఒకటి అంకె.

"దీని కింద ఏముందమ్మా, ఇంకా రెండు వరసలుండాయి?"

పార్వతమ్మ భాగీరథమ్మ వైపు చూసింది. భాగీరథమ్మే చెప్పింది, చాలా మెల్లగా. "పాఠం జరిగేటప్పుడు ఆ మనిషి మాట్లాడకూడదు అని. పిల్లలు చెప్పవలసింది ఆమె చెప్పేస్తే పిల్లలు వెనకబడతారు. అది ఆ ఒక్కటీ... నిజమే కదా పిల్లమ్మా. ఆ చిన్న పిల్ల సంగతి."

"నిజమే" అంది పిల్లమ్మ. కాగితం మీద నుంచి వేలు తీసింది.

ఇంట్లో తిమ్మరాయప్ప విని, "అయితే కెలసం ఉండాది కదా, పని పోలేదు కదా, ఇంకేమక్కా" అన్నాడు. అతని ముఖం తేలికపడింది. మరదలు ఆ పూట సంకటిముద్ద కొంచెం పెద్దదిగా పెట్టింది. పిల్లమ్మ అంతా తిన్నది. ఎవరూ ఆమెకు కీడు చేయలేదు. వెతికి వెతికి కోపగించుకోవడానికి ఒక్క మనిషి కూడా ఆమెకు దొరకలేదు.

ఒకటో తేదీన బండి తిరగడం మొదలైంది. పొద్దున ఆమె మామూలు వేళకే లేచింది. పోవలసిన గడపలు లేవు. నేరుగా బడికి పోయి, మెట్ల మీద కూర్చుని, గంట చప్పుడు సందుసందుకూ తిరిగి దగ్గరికి రావడం విన్నది. బండిలోంచి పిల్లలు దిగారు. ఇద్దరు ముగ్గురు సగం జడలతోనే దిగారు. ఒక పిల్ల ఆమె వైపు రాబోయి, తోటివాళ్లు లోపలికి పోతుంటే వాళ్లతో పోయింది.

ఇంగ్లీషు గంటకు ఆమె నల్లబల్ల పక్కన నిలబడింది. భాగీరథమ్మ కొత్త చీర కట్టుకుంది. ఆ రోజు పాఠం అడగడం, చెప్పడం. పిల్లమ్మ చేతిలో గొడుగు ఉంటుంది. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి, నేను ఆమెను దాని కోసం అడుగుతున్నాను అని చెప్పి అడగాలి. ఆమె ఇవ్వాలి. ఇంతే.

"ఐ యామ్ ఆస్కింగ్ హర్ ఫర్ ఇట్" అంది మొదటి పిల్ల. పిల్లమ్మ గొడుగు ఇచ్చింది, మళ్లీ తీసుకుంది. రెండో పిల్ల, మూడో పిల్ల. పదిమంది అయ్యేసరికి మోకాలు వణకడం మొదలుపెట్టింది. ఆమె బరువు ఎడమ కాలి మీదికి మార్చుకుంది.

శాంత వంతు వచ్చింది. ఎదురుగా నిలబడి వాక్యం చెప్పింది. పిల్లమ్మ గొడుగు చాపింది. శాంత తీసుకోలేదు. ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"అవ్వా, నీ కాలు నొస్తాండాదా?" అంది తెలుగులో.

పిల్లమ్మ గొడుగు ఇంకొంచెం ముందుకు చాపింది.

"కూర్చుంటావా? నేను టీచర్నడగతా."

పిల్లమ్మ పెదాలు బిగించుకుంది. నాలుక కొన దాకా వచ్చింది, వద్దమ్మా అన్న ఒక్క మాట. తెలుగులో అయినా, ఇంగ్లీషులో అయినా, పాఠం జరుగుతున్నంతసేపు మాటే. శాంత కాసేపు చూసింది. తరువాత ఆ పిల్ల ముఖం మారిపోయింది. తనేదో తప్పు చేసినందుకు అవ్వ అలిగిందనుకుంది.

"శాంతా, ఏమిటక్కడ? చెప్పేదేదో ఇంగ్లీషులో చెప్పు" అంది భాగీరథమ్మ వెనక నుంచి.

శాంత గొంతు సన్నగా వచ్చింది. ఒక్కో మాట వెతుక్కుంటూ, "షీ ఈజ్ నాట్ ఆన్సరింగ్ మీ" అంది. ఆమె నాకు జవాబు చెప్పడం లేదు.

అది ఏ పాఠంలోనూ లేని వాక్యం. ఎవరూ నేర్పలేదు. పిల్ల తనకు తానుగా కట్టుకుంది, జరుగుతున్న పనిని జరుగుతున్నప్పుడే, ఒక్క తప్పు లేకుండా.

భాగీరథమ్మ ముఖం విప్పారింది. ఏడాది శ్రమ కళ్ల ముందు పండినట్టు బల్ల దగ్గరికి గబగబా వచ్చింది. "చూశారా, శాంత ఎంత బాగా చెప్పిందో. అందరూ లేవండి. ఆమెను చూస్తూ చెప్పండి."

నలభైమంది లేచారు. నలభైమందీ పిల్లమ్మను చూస్తూ ఒక్క గొంతుతో, ఆమె నాకు జవాబు చెప్పడం లేదు అని ఇంగ్లీషులో అన్నారు.

"ఇంకోసారి."

అన్నారు. ఈసారి ఇంకా స్పష్టంగా, ఇంకా గట్టిగా. పక్క తరగతి పిల్లలు తలుపులోంచి తొంగిచూశారు. పిల్లమ్మ గొడుగు చాపిన చెయ్యి అట్లాగే ఉంచి, కాళ్ల ముందున్న సిమెంటు నేల చూస్తూ నిలబడింది.

"ఇంకొక్కసారి" అంది భాగీరథమ్మ.

మూడోసారి శాంత అనలేదు. నలభై గొంతుల్లో ఒకటి తగ్గిన సంగతి టీచరుకు తెలియలేదు.